తారుమారైన తీగలు

అక్కా,

జ్వరం తగ్గింది, పనిలోకి వెళ్తున్నాను, కంగారుపడకు. తొలినాటి గెలాక్సీలు ఎంత దూరాన ఉన్నాయో కొలిచే పరికరం చేస్తున్నామని చెప్పానుగా. ఒక్కో గెలాక్సీ వెలుగూ వెంట్రుకంత సన్నటి గాజు తీగలోంచి రావాలి. అలాంటివి ఆరువందల తీగలు, పలకలో ఆరువందల కన్నాలు. పోయినవారం ఒళ్లు కాలిపోతున్నా కూర్చుని రెండు తీగలు తారుమారుగా అంటించేశాను. ఎవరూ చూడలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి పనిలో మా పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

"చెప్పావు గనక బతికిపోయాం. లేకపోతే ఒకదాని దూరం ఇంకొకదానికి రాసుకుని, ఆ రెంటిచేతా ఒకదాని ఇంట్లో ఒకటి కాపురం చేయించేవాళ్లం కదమ్మా!" అన్నాడు. తిట్టలేదు. తీగలు ఊడదీసి మళ్లీ అంటిస్తున్నాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా ఊదారంగు స్వెట్టరు పంపు, పనిగది మరీ చల్లగా ఉంచుతారు. బావగారికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

ఇంకొక్క మాట. చిన్నప్పుడు నాన్న గడియారం విప్పి పాడుచేసింది నేను. దెబ్బలు నువ్వు తిన్నావు. ఈ పోస్టుకార్డు నాన్నకి పైకి చదివి వినిపించు. పోస్ట్‌మేన్ ఈపాటికే చదివేసి ఉంటాడు.

నీ చెల్లి