ఉంగి సోమవారం రాలేదు

చిన్నమ్మా,

బాగున్నావా అని రాయబోయి ఆగాను. నువ్వు పోయి ఐదు నెలలు దాటింది. క్యాజువాలిటీలో నీ స్టూలు మీద ఇప్పుడు కొత్త ఆయా కూర్చుంటోంది. మంచి మనిషే. కానీ తర్లగూడదానివి కాబట్టి నీకు ఆ అడవి ఊళ్ల దోర్లీ భాష వచ్చు, ఆమెకు రాదు. నాకూ రాదు...

మూడు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు. ఎవరికి చెప్పుకోను?

పోయిన గురువారం ఉంగి అనే ముసలావిడను తీసుకొచ్చారు. దోర్లీ తప్ప మరో మాట రాదు. ఆవపల్లి అవతల ఎక్కడో వాళ్ల ఊరు. ఇక్కడ గనిలో కాంట్రాక్టు పని చేసే కూతురిని చూడటానికి వచ్చి, కొళాయి దగ్గర జారిపడింది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. డాక్టర్ గారు నన్ను పిలిచి నడిపించి చూడమన్నారు. నడిస్తే ఇంటికి పంపేయడమే. ఫిజియోథెరపిస్టుగా నాకు క్యాజువాలిటీలో రోజూ ఉండే పనే కదా.

నడిపించాను. కర్ర పట్టుకుని వరండా చివరిదాకా వెళ్లొచ్చింది. వెనక్కి తిరిగేటప్పుడు మాత్రం కుడికాలు ఆనించకుండా ఒక్క క్షణం గోడ పట్టుకుంది. చూశాను చిన్నమ్మా. చూసి కూడా, వయసు కదా అనుకున్నాను. బయట ఇంకా జనం ఉన్నారు... నడవగలదు, పంపవచ్చు అని చీటీ మీద రాసి సంతకం పెట్టాను. సోమవారం మళ్లీ రమ్మంటే తలూపింది.

కూతురి గదిలోనే ఉంటుందనుకున్నాను. అడగలేదు. నువ్వుంటే అడిగేదానివి. నేను ఎవరినైనా నడిపించి మురిసిపోతుంటే, "ఏంది బిడ్డా, నున్నటి బండల మీద నడిస్తె అయిపాయెనా? ఇంటికి తొవ్వ ఎట్లుందో అడిగినవా?" అని అందరి ముందూ నా గాలి తీసేదానివి. ఎంత ఉడుక్కునేదాన్నో! చదువుకున్నది నేనా నువ్వా అని ఒకసారి అనేశాను కూడా. నువ్వు నవ్వి ఊరుకున్నావు. నొచ్చుకున్నావా అప్పుడు?

సోమవారం ఆమె రాలేదు. మంగళవారం కూతురిని వెతికి పట్టుకున్నాను. నాట్లున్నాయని తల్లి శుక్రవారమే బస్సెక్కిందట. ఆవపల్లిలో దిగితే అక్కడి నుంచి నడకే. మధ్యలో వాగు. ఈ వానల్లో... చేరిందో లేదో కూతురికీ తెలియదు. అక్కడ ఫోను కలవదు.

తుంటిలో సన్నటి పగులుంటే మొదటి ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. దాని మీదే నడిస్తే ఎముక పూర్తిగా విరిగి పక్కకు జరగవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు చిన్నమ్మా. తెలియక చేసిన తప్పయినా బాగుండేది.

డాక్టర్ గారికి చెప్పాను. రాలేదంటే తగ్గినట్టేలే అన్నారు. నువ్వైతే ఒప్పుకునేదానివా? "రాకపోతె తగ్గినట్టు కాదు బిడ్డా... రాలేకపోయిందేమో సూడాలె" అనేదానివి.

ఈ ఉద్యోగంలో నాకు ఇంతకుముందు భయం ఉండేది కాదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. నా వంతు కూడా నువ్వే భయపడేదానివి.

రేపు సెలవు పెట్టాను. కూతురూ వస్తోంది. పొద్దున్న బస్సుకి పోతున్నాం. కాలికి కట్టడానికి బద్దలు, బ్యాండేజీ సర్దాను. మంచం మీద మోసుకురావాల్సి వస్తే నాట్ల రోజుల్లో నలుగురు దొరుకుతారో లేదో...

ఉంగి పొలంలో వంగి నాట్లు వేస్తూ కనబడి, పనీపాటా లేదా అని తిడితే, గట్టు మీద కూర్చుని ఆ తిట్లన్నీ వింటాను. అలా కాకపోతే... పంపింది నేనేనని ఆమె ముందు నిలబడి చెబుతాను. కూతురిని అడిగి ఆ ముక్క దోర్లీలో నేర్చుకున్నాను.

నీ
పద్మజ