టార్చి వెలుగుకు పోయిన రంగు

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సూరత్‌లో మళ్లీ కాలేజీలు తెరిచారు. చదువు మానేస్తానన్న మన స్వాతి, నీ నోట్సు పట్టుకుని ల్యాబుకు వెళ్లింది.

నీలాగే ఆల్కహాల్‌ను ద్రవ నత్రజనిలో గాజులా గడ్డకట్టించి, గామా కిరణాలు పట్టించింది. ఆ కిరణాల దెబ్బకు ఊడిపడ్డ ఎలక్ట్రాన్లు ఆ చలిలో కదల్లేక చిక్కుకుని, గడ్డకు ఊదా రంగు తెచ్చాయి.

వీడియో కాల్ చేసింది. "నాన్నా, జల్దీ చూడు!"

"చీకటి, ఏం కనిపిస్తలేదు బిడ్డా."

టార్చి వేసింది. వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు విడిపోయాయి. చూస్తుండగానే రంగు పోయింది.

"అరే యార్!"

"మీ అమ్మ గూడ నాకు చూపియ్యబోయి గిట్లనే చేసింది."

ఏడాది తర్వాత స్వాతి పకపకా నవ్వింది.

ఆ తప్పు నువ్వు నోట్సులో రాయలేదు. నీ అక్షరాల కింద తను రాసింది: 'టార్చి వెయ్యొద్దు.' రేపు మళ్లీ చేస్తుందట.