సగం చెట్టుకు కట్టిన నల్ల నెట్టు

టీ తోట సొంతదారుణ్ణి, యాభై రెండేళ్లవాణ్ణి, అందరి నోటా ‘తుంటరి’ అనిపించుకున్నవాణ్ణి అయిన నేను, గుండె ఆపరేషన్‌కు ముందు, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా నా చేత్తో రాస్తున్నాను. వేరేవాళ్లతో రాయిస్తే ఒక వాక్యం మింగేస్తారని అనుమానం. తెలివి బాగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. అదీ నేనే రాసుకున్నానని మా తమ్ముడు అంటాడు. వెళ్లి డాక్టర్నే అడగండి.

1. దీన్ని అమలు జరపాల్సింది మా అక్క. ఆమె నాతో సహా ఎవరినీ నమ్మదు. అంతకంటే అర్హత ఏం కావాలి?

2. ఇల్లు, తోట, చెట్లకు ఎండ తగలకుండా కప్పే వల, అదే మా నల్ల నెట్టు, అది చిరిగితే కుట్టే సూదీ దారం నా భార్యవి. కోతకు ముందు కొన్ని వారాలు కింది వరుసలకు నెట్టు కప్పుతాం. వెలుగు చాలని ఆకు, ఆకలిగొన్నవాడు పెద్ద కంచం తెచ్చుకున్నట్టు, పచ్చదనం పెంచుకుంటుంది. ఎండకు పుట్టే వగరు తగ్గి తీపి తేలుతుంది. ఇది కనిపెట్టింది ఆమే. పొరపాటున పరదా కప్పేసి ఉన్న చెట్టు ఆకు ముదురు పచ్చగా మారడం చూసి, "ఇది మీ అల్లరి కాదు కదా?" అని మొదట నన్నే నిలదీసింది.

3. నా రబ్బరు బల్లి బావమరిదికి. వాళ్లింట్లో ఏ డబ్బాలో పెట్టానో చెప్పను. మూత తీసే ప్రతిసారీ నన్ను తలుచుకుంటాడు.

4. ఇక తమ్ముడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆకు చూసి దించుకునేది వాడే. కిందటి కోతలో మా ఆకు నలిపి, నలుగురి ముందూ, "అన్నయ్యా, ఈ రంగు ఏ కొట్లో కొన్నావు?" అని బుట్టలు వెనక్కి పంపాడు. "కడిగి చూడు మరిదీ" అని మా ఆవిడ అంటే, "నువ్వు అమాయకురాలివి వదినా, నిన్నూ ఆడిస్తున్నాడు" అన్నాడు. ఒకసారి బుట్టలో రబ్బరు పాము పెట్టి వాణ్ణి పరిగెత్తించిన మాట నిజమే. అయితే పాముకీ పంటకీ తేడా లేదా? నా తర్వాత ఆకు కొనే దిక్కులేక ఆమె తోట అమ్ముకుంటే, కొనడానికి ముందు నిలబడేది వాడేనని నా అనుమానం.

అందుకని తోట మెట్ల పక్కనున్న చెట్టు ఒక్కటి వాడికి రాసిస్తున్నాను. సగానికి వాడే నెట్టు కట్టాలి. చుట్టూ కంచె వాడిదే, తాళం వాడిదే. మా ఇంటివాళ్లెవరూ అటు వెళ్లకూడదు. కోతనాడు అక్క ముందు వాడే విప్పాలి. ఒకే వేరు, ఒకే మన్ను. సగం ముదురు పచ్చ, సగం లేత పచ్చ. రెండు వైపుల ఆకూ నమలాలి. రాకపోతే ఎందుకు రాలేదో గేటు దగ్గర అక్క అడుగుతుంది. అక్క అడగడమంటే ఏమిటో వాడికి తెలుసు.

అక్కా, వాడి మాట వినకు, మొహం చూడు. వగరు దాచుకునే మొహం కాదది. ఆ తర్వాత, వెనక్కి పంపిన ఆ గేటు దగ్గరే, నలుగురి ముందూ, వాడి చేత్తోనే నీ మరదలి బుట్ట దించుకోమను. నా మీద అనుమానం ఉంటే ఉంచుకోమను, దానికి నేను తగినవాణ్ణే. ఆమె ఏనాడూ కాదు.

మార్చి ఎనిమిదో తేదీ, శుక్రవారం.

(సంతకం) తుంటరి

సాక్షులు: ఎదురింటి దర్జీ, తోటలో కొమ్మలు కత్తిరించే మేస్త్రి. ఇద్దరూ మొత్తం చదివాకే సంతకం పెట్టారు, పక్కన నిలబడి చూశాను.