ఏడో పేజీల అవ్వ మాట

పుస్తకాల కంపెనీల అనుమతులు చూసే సారుకు దండాలు.

నల్లగొండల డిగ్రీ కాలేజి ముంగట జిరాక్స్ దుకాణం నాది. తెలుగు మేడం చెప్పిన పాఠాలు ఒక్కదగ్గర పెట్టి, స్పైరల్ వేసి పిల్లలకు ఇస్త. అందుల మీ పుస్తకంల నేతపని వ్యాసం ఉన్నది. పన్నెండు పేజీలు, పేజీకి మూడు రూపాయలు కట్టుమని రాసిన్రు. కడత. నూటపది రూపాయల మెటీరియల్ నూట నలభై ఆరు అయితది, పిల్లలు నన్ను తిడతరు. అది వేరే ముచ్చట.

నేను అడిగేది ఏడో పేజీ సంగతి. "ఆశ పోయింది, చెయ్యి లేస్తలేదు" అని రామన్నపేట ముసలామె అన్నట్టు అచ్చేసిన్రు. గా ముసలామె మా అవ్వ అండాలమ్మ. ఆమె అన్నది "ఆసు పోసిన, చెయ్యి లేస్తలేదు" అని. ఆసు అంటే మేకులు కొట్టిన చట్రం. చీర నూలు గా మేకుల సుట్టు చేత్తోని తిప్పాలె, గదే ఆసు పోసుడు. పొద్దందాక తిప్పితే రెక్క గుంజుతది, గంతే. మేడమేమో గా మాట మీద నేతగాళ్ళ నిరాశ అని గంటసేపు చెప్తది. పరీక్షల సుత అడిగిన్రు.

చదివి వినిపిస్తే అవ్వ ఒకటే నవ్వుడు. "నాకు ఆశ ఎప్పుడు పోయిందే?" అన్నది.

గా ఒక్క మాట దిద్ది జిరాక్స్ తియ్యాలంటే ఎవలను అడగాలె సారూ? మిమ్ములనా, రాసినాయననా?

అవ్వనైతే అడిగిన. దిద్దుమన్నది. ఫీజు వద్దన్నది.

ఇట్లు,
జిరాక్స్ దుకాణపామె