వంటింటి రీలు

ఆగస్టు 3, 2005

గుంటూరు నుంచి ఇప్పుడే తెనాలి చేరాం. డాక్టరు తేల్చేశాడు. గొంతులో గడ్డ మామూలుది కాదు — స్వరపేటిక మొత్తం తీసేయాలి. ఇరవై నాలుగున ఆపరేషన్.

"తర్వాత మాట్లాడటం ఎట్టాగండీ?" అని మా ఆయన దానియేలు అడిగారు.

"ముందు ప్రాణం చూసుకోవాలి కదండీ."

ముప్పై ఏళ్ళు స్టేజీ మీద అరిచినదానికి ప్రాణం, గొంతు రెండూ ఒకటే. ఆ సంగతి డాక్టరుకి ఎవరు చెబుతారు?

ఆగస్టు 4

ఆయన టేప్‌రికార్డరు దుమ్ము తుడిచి నా ముందు పెట్టారు. "ఏదన్నా మాట్లాడు సుగుణా, పట్టి ఉంచుకుందాం." గోడని చూస్తూ ఏం మాట్లాడను? నాది జనాన్ని నవ్వించే గొంతు. తీసి లోపల పెట్టేయమని కసిరాను. పాపం, తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు.

ఆగస్టు 5

బజార్లో వాల్‌పోస్టరు! నా సినిమా వచ్చింది.

హాంకాంగ్ బొమ్మ, తెలుగు డబ్బింగ్. అక్కడి బొమ్మల కథల పుస్తకం నుంచి తీశారట. జపాను సైన్యం చైనా పల్లెటూరి మీద పడుతుంది. ఒక వంటవాడు మూకుడుతో, గరిటెతో వాళ్ళని చితక్కొడతాడు. వాడి నాయనమ్మకి నేను డబ్బింగ్ చెప్పాను, పోయినేడు మద్రాసు వెళ్ళి. ఒక్కటే పెద్ద సీను — వంటింట్లో దూరిన జపాను ఆఫీసరుని ముసలిది ఊపిరి తీసుకోకుండా తిడుతుంది. కాగితం మీద చప్పగా ఉంటే మన తిట్లు కలిపాను. "నీ చేతులు పడిపోను, నీ బూట్లు తగలెయ్య, అన్నం కుండ ముట్టుకుంటావంట్రా!" ముసలిదానికి ఆ బొంగురు భలే కుదిరిందని మెచ్చుకున్నారు. ఆ బొంగురు ఎక్కణ్ణించి వచ్చిందో ఇప్పుడు తెలిసింది.

జనం మధ్య కూర్చుని ఒక్కసారి వింటాను. తర్వాత కోసుకుంటారో, ఏం చేసుకుంటారో.

ఆగస్టు 6

ఫస్ట్ షోకి వెళ్ళాం. నాయనమ్మ వంటింటి తలుపు తీసింది... వెంటనే వంతెన పేలిపోయింది. నా సీను లేదు.

ఆయన పైకెళ్ళి ఆపరేటర్ని అడిగారు. "ఆ రీల్లో ఫైటు లేదండి. ఆట వదిలాక జనానికి రేపల్లె పాసింజరు బండి అందాలి కదండి. లేపేశాం. అన్ని ఆటలకీ అంతేనండి."

ఎవర్ని తిట్టను? ఆ పాసింజరు కోసమే మా నాటకాల్లోనూ ఆఖరి అంకం కోసేసి మంగళం పాడేవాళ్ళం.

ఆగస్టు 13

సినిమా బాపట్లకి మారిందంటే బస్సెక్కి వెళ్ళాం. గేటుకి వేరే పోస్టరు. నిన్న జనం రాలేదని పొద్దున్నే ఎత్తేశారట. "రేపల్లెలో వేస్తారండి" అన్నాడు గేటతను, నా మొహం చూసి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది. గొంతు నొప్పెట్టి అది కూడా సరిగ్గా రాలేదు.

ఆగస్టు 14

చర్చిలో పాటకి పెదాలు కదిపాను. అంతే.

ఆగస్టు 20

ఆయన ఒక్కరే రేపల్లె వెళ్ళి ఆపరేటర్ని బతిమాలి వచ్చారు. రీలు డబ్బాలోనే ఉందట. "అక్క గొంతు అందులో ఉంటే ఎందుకెయ్యనండి? రేపు మ్యాట్నీకి ఏస్తా, తీసుకురండి" అన్నాడట. ఆ మనిషి చల్లగా ఉండాలి.

ఆగస్టు 21

రేపల్లె. ఆదివారం మ్యాట్నీ. హాలు సగం పైగా నిండింది. పక్కనున్న అడవులదీవి ఊరి నుంచి వచ్చిన వాళ్ళట, మా వెనక వరసంతా వాళ్ళే. మూకుడు దెబ్బ పడ్డప్పుడల్లా ఒకటే ఈలలు. నేను సీటు అంచుకి జరిగాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. ముసలిది నోరు తెరిచింది.

నా గొంతు కాదు.

ఎవరో పడుచుపిల్ల. శుభ్రంగా, బుద్ధిగా తిడుతోంది. నా తిట్లు ఒక్కటీ లేవు. నన్ను తీసేసి మళ్ళీ చెప్పించారన్నమాట, ఒక్క మాటైనా చెప్పకుండా. జనం మాత్రం నవ్వారు. వెనకాయన కుర్చీ తన్ని మరీ నవ్వాడు. ఆ నవ్వు నాకు రావలసింది.

మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నీదే సుగుణా! ఎంత బాగా తిట్టావే!" కళ్ళనిండా నీళ్ళు. నేను తల ఊపాను.

ఆగస్టు 22

సంచి సర్దాను. ఆయన వీధంతా చెప్పుకొస్తున్నారు. "రేపల్లెలో హాలు హాలంతా మా సుగుణ గొంతుకి పడీ పడీ నవ్వారండి."

ఆగస్టు 23

గుంటూరు. ఆస్పత్రి. మంచం కిటికీ పక్కనే ఇచ్చారు. పక్క మంచం ఆవిడకి కూడా చెప్పేశారు మా ఆయన, సినిమా సంగతి. "ఏదీ, ఒక తిట్టు తిట్టమ్మా" అందావిడ. నాకు నవ్వొచ్చింది, దగ్గొచ్చింది.

ముప్పై ఏళ్ళు నా పక్కన హార్మోనియం వాయించిన మనిషి. నా శ్రుతి కొంచెం జారితే పెట్టె మెట్ల మీంచి తలెత్తి చూసేవారు. ఆ మనిషి వేరే ఆడదాని గొంతుని నాదనుకున్నారా? లేక తెలిసే అన్నారా? తెలియకపోతే ఆ గొంతే నాదని గుర్తుపెట్టుకుంటారు. తెలిసే అంటే... ఆ కన్నీళ్ళకి అర్థం వేరే.

ఆయన ఫ్లాస్కుతో కాఫీ తేవడానికి కిందికెళ్ళారు. ఇంకా మాట వస్తోంది నాకు. అడగాలంటే ఇవాళే అడగాలి.

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు.