మెత్తటి గుడ్డ కింద

మడివాళ, బెంగళూరు
ఆదివారం

అమ్మకు,

నీ కూతురు వరూధిని నమస్కారాలు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నాన్నకు పక్షవాతం వచ్చాక నీకు కంటినిండా నిద్ర లేదు. ఇప్పుడాయన మోచేతి వాపు తగ్గి, నీకూ కాస్త కునుకు పడుతోందని తలుస్తూ రాస్తున్నాను.

బస్సులో పంపిన పొట్లంలో చీటీ పెట్టి అడిగావు, సరిగా తింటున్నావా అని. తింటున్నాను. పీజీలో సాంబారు తియ్యగా ఉంటుంది గానీ నీ చెనక్కాయల పొడి ఉంటే ఏదైనా దిగుతుంది. నా గదిలోనే ఉండి నాతోనే కుట్టు నేర్చుకునే శశికళ సగం డబ్బా ఖాళీ చేసి, "మీ అమ్మని ఈడికే పిలిపించప్పా, బాడుగ నేను కడతా" అంటోంది. చదువూ బాగానే సాగుతోంది. బ్యాగులూ బెల్టులూ కుట్టే పెద్ద మిషన్ దగ్గరికి నన్ను ఒక్కదాన్నే పంపుతున్నారు. ఈ మధ్య 'బిగువు' అనే మాట మీద మోజు పట్టింది నాకు. జడకైనా, మంచం నవారుకైనా, మిషన్ దారానికైనా అదే మాట.

ఇంకొకటి కూడా అడిగావు. "మీ నాయన్ని లేపే బెల్టుకి లోపల మెత్తటి గుడ్డ వెయ్యాలని నీకెట్లా తోచిందే? వీపుకి ఒరుసుకోకుండా బాగుండాది" అని. దాని కిందే రాశావు: "నిన్న నేనే వంకరగా లాగినట్టుండా. పిడి ఊడొచ్చి ఆయన మంచమ్మీద పడినాడు, మోచెయ్యి మంచం పట్టెకి తగిలి వాచింది. గొడ్డును లాగినట్టు లాగుతావని ఇంకా సణుగుతాండాడు. గోనెసూదితో కుట్టుకున్నాలే."

శుక్రవారం ఆ చీటీ చదివిన వెంటనే ఫోన్ చేసి, ఆ బెల్టు వాడొద్దు, మంచి రంగుది పంపుతున్నాను అన్నాను. రంగు మాట అబద్ధం.

బెల్టుకి పిడి కుట్టే చోట నైలాన్ పట్టీ మడత వేస్తే చెప్పు అట్టంత మందం అవుతుంది. మిషన్ మాత్రం గుడ్డ సంచులకు సరిపెట్టి ఉంది. సూది మార్చాలి, లావు దారం ఎక్కించాలి, కుట్టు నిడివి పెంచాలి, పై దారం బిగించాలి. ముందుగా ఒక ముక్క మీద కుట్టి తిప్పి చూసుకోవాలి. ఇవన్నీ నాకు తెలుసు. మాస్టారు జయరామప్ప గారు "నేను రావాల్నా?" అంటే, క్లాసంతా వింటుండగా "వద్దు సార్, నాకొచ్చు" అన్నాను. సూదీ దారమూ మార్చాను. బిగువు మాత్రం పాతదే ఉంచి, నేరుగా బెల్టే కుట్టేశాను. పైన కుట్లు ముచ్చటగా పడ్డాయి. తిప్పి చూస్తే అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. వేలు పెట్టి లాగితే జారి వస్తోంది. విప్పితే అందరూ చూస్తారు.

అందుకని దాని మీద గుడ్డ వేసి చుట్టూ కుట్టేశాను. ఆ గుడ్డ నాన్న వీపు కోసం వేసింది కాదమ్మా.

అది తెలిసి కూడా, ఫోన్‌లో నువ్వు "నాదే పొరపాటులే" అంటే "సర్లే అమ్మా" అన్నాను. మాటలంటే ఇష్టమని చెప్పుకుంటూ తిరిగేదాన్ని, ఆ పూట నాకు దొరికిన మాట అదొక్కటే.

నిన్న క్లాసులో అందరి ముందూ సార్‌కి చెప్పాను. తిడతారనుకున్నాను. "పడినాయన ఎట్లుండాడు?" అని మాత్రం అడిగారు. తర్వాత పక్కన నిలబడి, అడుగు కూడా పైలాగే వచ్చేదాకా ముక్కల మీద కుట్టించారు. కొత్త బెల్టును శశికళకే కట్టి ఇద్దరు ముగ్గురం లేపి చూశాం. "ఊడితే మీ ఇంట్లోనే మంచమేసుకుని పడుకుంటా" అని బెదిరించింది. ఊడలేదు.

ఈ పొట్లంలో ఉన్నది అదే. దీనికి గుడ్డ వెయ్యలేదు. తిప్పి నువ్వే చూసుకో. ఒరుసుకుంటే మధ్యలో తువ్వాలు పెట్టు. పాతదాన్ని కత్తిరించి పారెయ్యి.

కింది మాటలు నాన్న మంచం పక్కన కూర్చుని గట్టిగా చదువు. నా పరువు కాపాడాలని ఏదీ మింగెయ్యకు.

నాన్నా, అమ్మ తిన్నగానే లాగింది. పిడి ఊడింది నా కుట్టు వల్ల. వచ్చే ఆదివారం ఇంటికి వస్తున్నాను. అమ్మను అన్న మాటలన్నీ నా ఎదురుగా నన్ను అను.

ఇట్లు,
తన తప్పు నీ మీద వేసి ఊరుకున్న
నీ కూతురు
వరూధిని