సోలాపూర్ వారంటు

గురువారం, నారాయణపేట

మిల్లు చీరను మన మగ్గం చీరని అమ్ముతున్నందుకు, పోయిన ఏడు సోలాపూర్‌లో ఓ సేటు దుకాణంలో, అతని ముందే దాన్ని చింపేశాను. ఆ కేసులో వారంటు పట్టుకుని ఇవాళ అక్కడి పోలీసులు వచ్చారు. నేరుగా జీపెక్కిస్తామంటే ఒప్పుకోలేదు. బెయిలు దొరికే కేసు, ముందు మా కోర్టుకే తీసుకుపొమ్మన్నాను. చట్టం చదివినవాణ్ణి. జడ్జి బెయిలిచ్చి, వచ్చే నెల సోలాపూర్‌లో హాజరు కమ్మన్నాడు.

కోర్టు బయట మన ఊరి కానిస్టేబుల్ నన్ను ఆపాడు.

"తాతా, మాఫీ అని ఒక్క ముక్క రాసియ్యి. సేటు కేసు వాపస్ తీసుకుంటడు."

"రాస్తే గా మిల్లు చీర అసలుదైతది గదరా!"

"గీ మోకాళ్లతోని గంత దూరం పోతవా?"

"నువ్వు మోస్తవా ఏంది?"

మోకాళ్లు నిజంగానే నొస్తున్నాయి. అయినా పోతాను. మగ్గం చీర అంచుల్లో, నేసేటప్పుడు బట్టను సాగదీసి పట్టే కర్ర ముళ్లు దిగిన గుర్తులుంటాయి. వాటిని అక్కడి జడ్జితోనే తడిమిస్తాను. చింపింది నేనేనని కూడా చెబుతాను. శిక్ష వేసుకోనీ. క్షమాపణ మాత్రం...